నర్సుకు చెప్పని మాట

ఉదయం తొమ్మిదీ పదికి ఫోన్ మోగింది. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఆ ఫోన్‌లో ఆడిన అబద్ధాన్ని నాలుగేళ్లుగా మోస్తున్నాను. పాస్టరుగారికి చెప్పలేదు. మా అమ్మాయికి చెప్పలేదు. నా పేరు తెలియని మీకు చెబుతున్నాను.

మా ఆయన నర్సీపట్నంలో మోటార్లకు వైండింగ్ చేసేవారు. మడమ కింద నల్లమచ్చను ఎప్పుడో దిగిన ముల్లనుకున్నాం. అది చర్మ క్యాన్సర్. తెలిసేసరికి గజ్జల్లోకీ కాలేయంలోకీ పాకింది. ఆపరేషన్‌కు వీల్లేదన్నారు. మూడు వారాలకొకసారి విశాఖపట్నం వెళ్లి యాంటీబాడీ మందు ఎక్కించుకునేవారు. ఆ మందు క్యాన్సర్‌ను నేరుగా చంపదనీ, ఒంట్లోని రోగనిరోధక శక్తికి పడిన బ్రేకును తీస్తుందనీ డాక్టరుగారు చెప్పారు. బ్రేకు తీశాక ఆ శక్తి ఒక్కోసారి సొంత పేగుల మీదే పడుతుందట. విరేచనాలు మొదలైతే ఆ రోజే చెప్పండి, మందు ఆపి స్టెరాయిడ్లు ఇస్తాం, చాలామందికి తగ్గిపోతుంది అన్నారు. రెండుసార్లు చెప్పారు.

నాలుగో డోసు తర్వాత గజ్జల్లో గడ్డ సగమైంది. ఆ ఆదివారం చర్చిలో మా సంఘం ముందు లేచి సాక్ష్యం చెప్పాను. దేవుడు నా భర్తను స్వస్థపరిచాడని, అయిపోయిన పనిలాగా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.

పది రోజులకు ఆయనకు విరేచనాలు పట్టుకున్నాయి. ఐదో డోసుకు ఇంకా రెండు రోజులుంది. మర్నాడు ఉదయం ఆ ఫోన్ చేసింది ఆసుపత్రి నర్సు. ప్రతి డోసుకూ ముందురోజు చేసేది.

"జ్వరం, ఆయాసం, విరేచనాలు ఏమైనా ఉన్నాయా అమ్మా?"

"ఏం లేవండీ, బాగున్నారు."

ఫోన్ పెట్టేశాక ఆయన గోడ పట్టుకుని బాత్రూంలోంచి వచ్చారు.

"ఎవులే, ఆసుపత్రోలా? సెప్పీసేవా? నిన్నట్నుంచి ఆరుసార్లు ఎల్లేను."

"చెప్పీసేనండి. పర్లేదన్నారు. రేపు బేగి వచ్చీమన్నారు."

"ఏటో! నువ్వు సర్చీలో సాక్ష్యం సెప్పీసిన కాణ్ణుంచి నాకు జలుబు సెయ్యడానికి కూడా బయ్యమేస్తందే," అని నవ్వారు.

నన్ను నమ్మారు. మర్నాడు ఆసుపత్రిలో ఆయన బెంచీ మీద పడుకుంటే, కాగితాలు పట్టుకుని డాక్టరుగారి గదిలోకి నేనొక్కదాన్నే వెళ్లాను. అక్కడా బాగున్నారనే చెప్పాను.

ఆ డోసు ఎక్కించిన ఐదో రోజున విరేచనంలో రక్తం పడింది. పేగుకు చిల్లు పడిందన్నారు. ఎప్పటినుంచి విరేచనాలని డాక్టరుగారు అడిగితే, నిన్నటినుంచి అన్నాను. అలాగే రాసుకున్నారు. రెండు రోజులకు మా ఆయన పోయారు.

మందు ఆపేస్తే గడ్డ మళ్లీ పెరుగుతుందని భయపడ్డాను, అందుకే దాచాను అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజముంది. కానీ నర్సు అడిగిన క్షణాన నా కళ్లముందు మెదిలింది చప్పట్లు కొట్టిన ఆడవాళ్ల ముఖాలు. వాళ్ల ముందు మళ్లీ లేచి ఏమని చెప్పను? అదీ నా భయం. చెప్పి ఉంటే బతికేవారా? క్యాన్సర్ ఎలాగూ తీసుకుపోయేదేమో. ఆ 'ఏమో' వెనక చాలాసార్లు దాక్కోబోయాను. కుదరలేదు. కడుపు ఆయనది. చెప్పావా అని అడిగిందీ ఆయనే.

భర్తను కళ్లల్లో పెట్టుకుని చూసుకుందని సంఘంలో ఇప్పటికీ అంటారు. ఔనననూ, కాదననూ.

ఇది రాసినందుకు క్షమ దొరికిందని అనుకోవడం లేదు. కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే. మొన్న మా అత్తగారి ఒంట్లో ఎలా ఉందని ఎవరో ఫోన్ చేస్తే, ఫోన్ ఆవిడ చేతికే ఇచ్చాను. ఒకరి బదులు నేను జవాబు చెప్పడం లేదు.