డెబోరా పెరట్లో పచ్చ గూడు

అటు చూడకూడదు అనుకుంటూనే ఆనందకుమారి పొద్దున్నే అటే చూసేది. తమ పెరటికీ తోడికోడలు డెబోరా పెరటికీ మధ్య గోడ లేదు. ఒక మునగచెట్టు నీడ ఉంది, అంతే. ఆ నీడకు అవతల, నాలుగు ఇనుప కాళ్ళ మీద, ఆకుపచ్చ రంగు కోళ్ళగూడు నిలబడి ఉంది. ఏటవాలు రేకు కప్పు, బుల్లి తలుపు, దానికో గడియ, పక్కన గుడ్లు పెట్టడానికి మూత ఉన్న చిన్న అర. వెంకటాచలం దగ్గర హైవే పక్క దుకాణంలో వాటిని ముక్కలు ముక్కలుగా అమ్ముతారు. ఇంటికి తెచ్చుకుని బోల్టులు బిగించుకోవడమే. డెబోరా భర్త జడ్సన్ ఒక్క మధ్యాహ్నంలో బిగించేశాడు. పులికాట్ సరస్సు మీంచి వచ్చే ఉప్పుగాలి ఆ కొత్త రేకును తాకి చిన్నగా మోగించేది. నీతో ఇక పనిలేదని ఎవరో మెల్లగా చెబుతున్నట్టు ఉండేది ఆనందకుమారికి.

దొరవారిసత్రం దాటి పులికాట్ వైపు పోయే దారిలోని ఆ వీధిలో, కోడిని పొదగేయాలంటే అందరికీ ఆమె చెయ్యే కావాలి. వెదురు గంపలో సరస్సు ఒడ్డు ఇసుక పోసి, పైన వరిగడ్డి పరిచి, ఉరుముకు గుడ్లు చెడకుండా ఒక ఇనుపముక్క, ఒక బొగ్గు, ఒక ఎండుమిరపకాయ అంచున దాచేది. "చర్చికి పోయేదానివి, ఈ బొగ్గులేందే?" అని భర్త క్రీస్తురాజు నవ్వితే, "ప్రార్థన నాకు, బొగ్గు కోడికి" అనేది. ఇరుగుపొరుగు తమ గుడ్లు తెచ్చి ఆమె చుక్కల పెట్ట కింద పెట్టేవాళ్ళు. పొదిగిన పిల్లలు తలా సగం. బూడిదరంగు మీద తెల్ల చుక్కల ఆ పెట్ట పొదుగులో కూర్చుందంటే వాన వచ్చినా లేవదు. ఆ వీధిలో తిరిగే కోళ్ళలో చాలా వాటికి మొదటి వెలుగు ఆమె గంప సందుల్లోంచే కనిపించింది.

బావురుపిల్లి రావడంతో అంతా మారింది. అది డెబోరా కోళ్ళను ఒక్కొక్కటే ఎత్తుకుపోసాగింది. మిగిలిన వాటి కోసమే ఆ గూడు.

"కోళ్ళకు మేడ కట్టినావే" అంది ఆనందకుమారి, గూడు దిగిన రోజున.

"మేడేందక్కా. పగలంతా నేను ఫ్యాక్టరీలో ఉంటా. ఈడ కాపలా ఎవురుండారు?"

ఆ మాటలో తప్పేమీ లేదు. తప్పు లేకపోవడమే ఆనందకుమారికి కష్టమైంది. తప్పుంటే కోపానికి కూర్చోవడానికి ఒక పీట దొరికేది. ఇప్పుడది ఇల్లంతా తిరుగుతోంది.

తరువాత చుక్కల పెట్ట అటు నడిచింది. మునగ నీడ దాటి, ఆ అరలోకి దూరి, గుడ్డు పెట్టి, ఊరంతా వినేట్టు అరిచింది. సాయంత్రం బస్సు దిగి వచ్చిన డెబోరా ఆ గుడ్డును అరచేతిలో తెచ్చింది. "నీ పెట్టదక్కా." మరునాడూ తెచ్చింది. ఆనందకుమారి వాటిని తీసుకుని బియ్యం డబ్బాలో పెట్టేది గాని వండేది కాదు. వండితే, మొగుడు ఇంకెవరింట్లోనో విందు తిని, మిగిలింది తెచ్చిస్తే తిన్నట్టు ఉండేది ఆమెకు.

"మనమూ గూడు కొందాం" అంది ఒకరోజు భర్తతో.

"ఎందుకు?"

"పిల్లి."

"పిల్లా, డెబోరానా?"

ఆమె చాటలో బియ్యం గట్టిగా చెరిగింది. "నీలం రంగుది. దానికంటే పెద్దది" అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక వెంకటాచలం పోదామన్నాడు క్రీస్తురాజు.

శనివారం చేపల గంపతో పోలేరమ్మ వచ్చింది. అప్పటికి రెండు రాత్రులుగా చుక్కల పెట్ట అటే ఉండిపోయింది. సరస్సు మీద బతికే పల్లె ఆమెది. ఏటా ఈ కాలంలో తన కోడిగుడ్లు ఆనందకుమారి దగ్గరికే తెస్తుంది. ఈసారి చేతిలో గుడ్ల మూట లేదు.

"గుడ్లు తేలా?" అడిగింది ఆనందకుమారి.

"తెచ్చి పెట్టేసినా గదా. నీ పెట్ట డెబోరా గూట్లో పొదుక్కూచోనుంటే, ఆడే దాని కింద తోసేసి వస్తావుండా."

"అది నా పెట్ట."

"పెట్ట నీది, గూడు ఆమెది. పిల్లల్ని మీరూ మీరూ తేల్చుకోండి. నా సగం నాకిస్తే చాలు. జెల్లలు తీసుకుంటావా?"

ఆనందకుమారి చేపలు తీసుకోలేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక ఖాళీ గంప చంకన పెట్టుకుని మునగ నీడ దాటింది. డెబోరా ఇంట్లో ఎవరూ లేరు. పొదుగులో ఉన్న కోడిని చోటు మారిస్తే అలిగి లేచిపోతుందని, కింద గుడ్లు చల్లబడి మురిగిపోతాయని ఆ వీధికి చెప్పింది ఆమే. అయినా మూత ఎత్తింది.

పెట్ట ఈకలు విప్పుకుని ఉబ్బింది. చేయి పెట్టగానే మణికట్టు మీద పొడిచింది. పరాయి మనిషిని పొడిచినట్టే పొడిచింది. అది కాస్త పక్కకు జరిగినప్పుడు అడుగున ఇసుక కనిపించింది. సరస్సు ఒడ్డు ఇసుక, పైన వరిగడ్డి. అంచున బిగింపులో మిగిలిన ఒక బోల్టు, ఒక బొగ్గు, ఒక ఎండుమిరపకాయ.

పెళ్ళయి వచ్చిన కొత్తలో డెబోరాకు కోడిని ముట్టుకోవాలంటే భయం. ఆ చేతిని పట్టుకుని ఇసుకలో గుంట తీయించింది తనే. ఇప్పుడు ఆ పని తన చేయి లేకుండానే జరిగిపోయింది. ఆనందకుమారి ఆ బోల్టును వేలితో తాకింది. ఆమెకు కలిగింది సంతోషం కాదు. పూర్తిగా అసూయ కూడా కాదు. మూత దించేసి, ఖాళీ గంపతో వెనక్కి వచ్చింది.

సాయంత్రం డెబోరా బస్సు దిగేసరికి ఆమె గూటి పక్కనే నిలబడి ఉంది.

"గూడంతా ఇనుమే గదే, మళ్ళా లోపల బోల్టెందుకు?"

"నువ్వు పెట్టమన్నావు గదక్కా. పెట్టకపోతే నాకు భయమేసింది. అడుగుదామంటే నువ్వు నాతో మాట్లాడటంలా."

ఆనందకుమారి అర మూత ఎత్తి లోపలికి చూసింది.

"మిరపకాయ తొడిమ పైకుండాల. తిప్పి పెట్టినావు."

"అట్టా ఎప్పుడు చెప్పినావు?"

"ఇప్పుడు చెప్తావుండా. ఇంకోటి. నీ బస్సు వచ్చేదాకా తలుపు తెరిచే ఉంటాది. పిల్లి ఊరుకుంటాదా? పొద్దు వాలితే గడియ నేనేస్తా. నువ్వు ముట్టుకోబాక."

డెబోరా నవ్వు దాచుకోవడానికి తల దించింది. "సరేలే అక్కా. నీ పెట్ట, నీ గడియ."

ఆదివారం ఆరాధన అయ్యాక క్రీస్తురాజు బండి బయటికి తీశాడు. "నీలం రంగా, ఇంకేదన్నానా?"

"వద్దులే" అంది ఆమె. "పెట్ట తిరిగొస్తే గంప చాలు. రాకపోతే ఆ మేడ ఎవురికి?"

పొద్దు వాలే వేళ సరస్సు మీంచి గాలి లేచింది. డెబోరా కోళ్ళు ఒకదాని వెనక ఒకటి గూటిలోకి నడిచాయి. ఆనందకుమారి పెట్ట ఉన్న అర మూత కొంచెం ఎత్తి చూసింది. మిరపకాయ తొడిమ పైకే ఉంది. చెయ్యి మాత్రం లోపల పెట్టలేదు. తలుపు మూసి గడియ వేసి, పడిందో లేదో అని ఇంకోసారి లాగి చూసింది. వేళ్ళకు కొత్త రంగు వాసన అంటుకుంది.

ఆ ఆకుపచ్చ మాత్రం ఆమెకు ఇంకా నచ్చలేదు.