పన్ను మారిన ఏడాది నాన్నల పరీక్ష

మా వనపర్తిలో తండ్రులు ప్రైవేటు స్కూలు గడప తొక్కేది ఏడాదికి ఒక్కసారి. అదీ చలికాలం చివర్లో, ఆదాయపు పన్ను భయంతో. పిల్లల ఫీజు రసీదు ఆఫీసులో ఇస్తే జీతంలో కోసే పన్ను కొంత తగ్గేది. మిగతా ఏడాదంతా స్కూలు సంగతులు తల్లులవి. మేం దేశం గురించి ఆలోచించేవాళ్లం.

మా అమ్మాయి స్కూలు ప్రిన్సిపల్ మేడం ఈ బలహీనత కనిపెట్టి ఒక పద్ధతి పెట్టింది. రసీదు కావాలంటే తండ్రి స్వయంగా రావాలి. బిడ్డ క్లాసులో చిన్న బెంచీ మీద కూర్చొని, బిడ్డ అడిగే ఐదు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. తప్పినా రసీదు ఇస్తారు గానీ మార్కులు బోర్డు మీద వేస్తారు. నాగర్‌కర్నూల్ వైపు సర్కారు బడిలో పనిచేసే సారు ఒకాయన, పదో తరగతి పరీక్షల్లో ఎన్నో స్లిప్పులు పట్టినవాడు, అరచేతిలో భార్య రాసిన జవాబులతో దొరికిపోయాడు. గద్వాలలో ఉద్యోగం చేసే మరో పెద్దమనిషి ధీమాగా నాలుగో తరగతిలోకి వెళ్లి కూర్చున్నాడు. ఆయన కొడుకు అప్పటికే ఆరో తరగతి.

నాకు పోయినేడు ఐదుకు ఒకటి వచ్చింది. ఆ ఒకటీ “మన ఇంటి పేరేంది?” అన్న ప్రశ్నకు. మా అమ్మాయి దాన్ని కుటుంబ ప్రతిష్ఠకు సంబంధించిన విషయంగా తీసుకుంది. దసరా నుంచే కొత్త ప్రశ్నలు తయారుచేసుకుంటూ, నేను దగ్గరికి వస్తే చేయి అడ్డం పెట్టుకునేది.

ఇంతలో పన్ను పద్ధతి మారింది. కొత్త విధానంలో పన్నెండు లక్షల దాకా పన్నే లేదు, ఫీజు రసీదు చూపించే పనీ లేదు. పెద్దమందడిలో మా ఆఫీసంతా ఆ విధానంలోకే దూకింది. మా అమ్మాయి క్లాసులోనే కొడుకున్న నా సహోద్యోగి ఆ రోజు అందరికీ చాయ్ తాగించాడు.

“అన్నా, గా బెంచీల మోకాళ్లు ఇరికించుకునుడు తప్పింది. సర్కారు మొత్తానికి మన గోస ఇన్నది!”

రాత్రి అన్నం తింటూ నేనూ ఈ శుభవార్త ఇంట్లో చెప్పాను. మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “కరోనాల పరీక్షలు రద్దయితే పదో తరగతి పోరగాళ్లు గూడ గింత సంబురపడలే.”

అమ్మాయి చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది. “అంటే, ఈసారి నువ్వు రావా డాడీ?”

జవాబు నాకు తెలిసిన ప్రశ్న అది. “వస్త బిడ్డా,” అన్నాను.

మరుసటి శనివారం వెళ్లాను. మేడం కళ్లజోడు పైకి తోసి అడిగింది. “కొత్త పద్ధతిల రసీదు దేనికి సార్?”

“ఊకనే మేడం. ఇంట్ల ఉంటది.”

“ఈ యేడు మీరొక్కలే వచ్చిన్రు. పోరి పొద్దుగాల్నుంచి కిటికీ ఇడుస్తలేదు. పోండ్రి, కూసోండ్రి.”

కూర్చున్నాను. బెంచీ పోయినేటి కంటే చిన్నదైంది. క్లాసంతా నన్ను జూలో జంతువును చూసినట్టు చూస్తోంది. మా అమ్మాయి గొంతు సవరించుకుంది.

“లంచ్ బాక్సుల వంకాయ కూర పెడితే నేనేం చేస్త?”

“తింటవు.”

క్లాసు గొల్లున నవ్వింది. మా సహోద్యోగి కొడుకు లేచి నిలబడ్డాడు. “నేను తింట అంకుల్. ప్రతిసారి.” కూర్చుంటాడనుకుంటే, ఇంకో మాట అడిగాడు. “మా డాడీ గూడ వస్తుండా?”

వాడి చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తొంగిచూస్తోంది. ప్రశ్నలు వాడూ రాసుకొచ్చాడు. నేను వాళ్ల నాన్నకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

“అన్నా, మీటింగ్ల ఉన్న,” అంది ఫోను. వెనక గిన్నెల చప్పుడు.

“డాడీ, నేను వంకాయ కూర ఎవరిది తింట?”

“నువ్వు ఇంట్ల వంకాయ ముట్టవు గదరా!”

గది పైకప్పు లేచిపోయింది. నా వెనకే క్లాసుకు వచ్చిన మేడం ఫోను దగ్గరికి వంగింది. “ఫోన్ల చెల్లదు సార్, కాపీ కింద రాస్త. మీరే వస్తరా, గైర్హాజరు వెయ్యాల్నా?”

గైర్హాజరు అన్న మాట తట్టుకునే సర్కారు ఉద్యోగి ఇంకా పుట్టలేదు. మావాడు హెల్మెట్ కూడా తీయకుండా క్లాసులోకి వచ్చాడు. అది చూసి మిగతా పిల్లలు మేడం చుట్టూ మూగారు. “మా డాడీకి జేయండ్రి మేడం!” “ముందు మా నాయినకు!” మేడం వరసగా ఫోన్లు కొడుతూ ఒకటే మాట అంటోంది. “రసీదు గాదు సార్. పరీక్ష.” కాసేపటికి గేటు ముందు బైకులు పెట్టడానికి జాగా లేదు.

ఆ గోలలో నా పరీక్ష ఆగలేదు. ఏ టీచరంటే భయం అంటే ఎవరన్నా లేదన్నాను, కరెక్టు. దోస్తు ఎవరంటే వంకాయ తినేవాడిని చూపించాను, అదీ కరెక్టు. జ్వరమొస్తే ఏం అడుగుతుందో కూడా చెప్పగలిగాను. చివరి ప్రశ్న నాకు మరీ సులభమనిపించింది.

“పెద్దగయినంక నేనేమైత?”

“డాక్టర్.”

“నేనెప్పుడన్న జెప్పిన్నా?”

“మీ అమ్మ జెప్పింది.”

“తప్పు. జేసీబీ డ్రైవర్.”

ఐదుకు మూడు. బోర్డు మీద తనే రాసింది, కింద రెండు గీతలు కొట్టింది. హెల్మెట్ ఆయనకు రెండు వచ్చాయి. కొంచెం సేపు బోర్డు ముందు ఆయన పక్కన నిలబడ్డానంతే.

ఇంటికి వెళ్తుంటే ఊరి బయట కాలువ తవ్వుతున్న జేసీబీ కనబడింది. బండి ఆపమంది. దిగి గట్టు మీద నిలబడ్డాం. దుమ్ము మా మీదికే వస్తోంది.

“చూడు డాడీ, గా బకెట్ పండ్లు మట్టిలకు ఎట్ల దించుతుండో. జర తొందరపడ్డా భూమిల ఉన్న నీళ్ల పైపు పలుగుతది. డాక్టర్‌కు గిట్ల ఉంటదా?”

నాకు తెల్వదన్నాను. అయితే మొదటి నుంచి చెప్తా విను అంది.