మూడు ఊళ్ల అవినీతి, రెండు డబ్బాల లడ్లు

నేను చేసిన ఘనకార్యాలన్నీ వరసగా నిలబెడితే బందరు బస్టాండు నుంచి కోనేరు సెంటరు దాకా వస్తాయి. ఆ వరసలో అన్నిటికంటే ముందు నిలబడేది ఇదే. ఒక్క సెమినార్ కోసం నా పరువు, మా మావయ్య పరువు, అమ్మ కొనిచ్చిన రెండు డబ్బాల లడ్లు గంగలో కలిపేశాను. కాస్త కుర్చీ గట్టిగా పట్టుకుని చదవండి.

అప్పుడు నేను బందరులో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను. ఏ దేశంలో ప్రభుత్వ ఆఫీసులు ఎంత నిజాయితీగా ఉన్నాయో మార్కులు వేసి, దేశాలను వరసలో నిలబెడతారని క్లాసులో చెప్పారు. లంచానికి ఎవరూ రసీదు ఇవ్వరు కదా, లెక్కపెట్టడం కుదరదు. అందుకని సంగతి తెలిసిన వాళ్లను "మీకేమనిపిస్తోంది?" అని అడుగుతారట. వంద వస్తే నిప్పులాంటి దేశం. సున్నా వస్తే చేయి తడపందే కాగితం కదలని దేశం.

వినగానే నాకు పూనకం వచ్చింది. దేశాలనే కొలిచేస్తున్నప్పుడు బందరు, గుడివాడ, అవనిగడ్డ ఒక లెక్కా? మూడు ఊళ్లనూ మూడు దేశాలనుకుని, మూడింట్లోనూ ఉండే ఒకే రకం ఆఫీసును కొలిచి, సెమినార్లో అదరగొడదామనుకున్నాను. ఏ ఆఫీసో చెప్పను. ఆ ఒక్క తప్పయినా చేయకుండా ఉంటాను.

అవనిగడ్డ ఆఫీసులో మా మావయ్య సీనియర్ గుమాస్తా. పని మీద వచ్చినవాళ్ల చేత టీ కూడా ఇప్పించుకోడని దివిసీమంతా చెప్పుకుంటారు. ఆ నెలలోనే రిటైరవుతున్నాడు. ఫోన్ చేసి ఊదరగొట్టాను.

"మావయ్యా, ఇన్నేళ్ల మీ నిజాయితీని అంకెల్లో చూపిస్తాను. మా సెమినార్‌కు మీ ఆఫీసువాళ్లను కూడా తీసుకురండి!"

"అంకెలెందుకే అమ్మాయ్? సరే, నీ ఆనందం. వస్తాంలే."

బయల్దేరుతుంటే అమ్మ గుమ్మంలో ఆపింది. "నలుగురి దగ్గరికీ వట్టి చేతులతో వెళ్తావా? ఏమనుకుంటారు?" అంటూ రెండు డబ్బాల బందరు లడ్లు చేతిలో పెట్టింది. మా ఇంట్లో పరీక్షకు హాల్ టికెట్ లేకుండానైనా పంపిస్తారు గానీ, ఒకరింటికి వట్టి చేతులతో పంపరు.

మొదటి రోజు బందరు. ఆఫీసు గేటు దగ్గర, పని చూసుకుని బయటికొస్తున్న ఓ పెద్దాయన లడ్డూ కొరికి కళ్లు మూసుకున్నాడు.

"నెయ్యి బాగా పట్టిందమ్మా! ఎంత వెయ్యమంటావు?"

"మీకనిపించింది చెప్పండి బాబాయ్ గారూ."

"తొంభై వేసుకో. ఇంకోటి ఉందా? అయితే తొంభై అయిదు."

నేను ఉత్సాహంగా రాసుకున్నాను. రెండో రోజు గుడివాడలో ఒక్కొక్కరికి సగం లడ్డూ పంచాను. మార్కులు కాస్త తగ్గాయి. ఊరికీ ఊరికీ ఎంత తేడా ఉందో అనుకుని మురిసిపోయాను. ఆ తేడా ఎక్కడిదో మీకు ఇప్పటికే తెలిసిపోయింది. నాకు మాత్రం తెలియలేదు.

మూడో రోజు అవనిగడ్డ చేరేసరికి డబ్బాల్లో పొడి మాత్రమే మిగిలింది. ముందు మావయ్య ఇంటికి వెళ్లి, "ఏమనుకోకండి, లడ్లు గుడివాడలోనే అయిపోయాయి" అని చెప్పుకున్నాను. తర్వాత ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డాను.

"గుడివాడలో లడ్లు పెట్టారంటగా? మా బావమరిది ఫోన్ చేశాడు" అన్నాడొకాయన.

"అయిపోయాయండీ."

"అలాగా!" అని ఖాళీ డబ్బాకేసి, నాకేసి చూశాడు. "పాతిక వేసుకోండి. ఎండగా ఉంది, వస్తా."

సెమినార్ రోజు ముందు వరసలో మావయ్య. ఇస్త్రీ చొక్కా, పక్కన వాళ్ల ఆఫీసరు, వెనక గుమాస్తాలు. నేను దేశాల వరసలు చూపించి, గొంతు సవరించుకుని మా ఊళ్ల వరస తెర మీద వేశాను. బందరు మొదటిది. గుడివాడ రెండోది. అవనిగడ్డ చిట్టచివర, నేలకు అతుక్కుపోయి ఉంది.

తెర మీద వేసేదాకా ఆ వరసకు అర్థం నా బుర్రకు ఎక్కలేదంటే నమ్మండి. ఆఫీసరు మావయ్యకేసి తిరిగాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మావయ్య తల దించుకున్నాడు. ఆ క్షణంలో నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడు మావయ్య మెల్లగా లేచాడు.

"ఒక్క సందేహం అమ్మా. బందరులో మనిషికెన్ని లడ్లు పెట్టావు?"

"ఒకటి... అడిగితే రెండు."

"గుడివాడలో?"

"సగం."

"మా ఊళ్లో?"

"...అయిపోయాయి మావయ్యా."

హాలంతా ఒక్కసారి ఘొల్లుమంది. మా ప్రొఫెసరు గారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"లంచాలెంతున్నాయో చూడ్డానికి వెళ్లి, రెండు ఊళ్లకు నువ్వే లంచం పెట్టొచ్చావన్నమాట!" అన్నాడు మావయ్య, కూర్చుంటూ. ఆఫీసరు ఆయన వీపు తట్టడం చూశాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.

ఆదివారం లడ్లు పట్టుకుని క్షమాపణ చెప్పడానికి మావయ్య ఇంటికి వెళ్లాను. ఆయన గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డాడు. "చుట్టపు చూపుగా వచ్చావా, పని మీద వచ్చావా?"

"క్షమించమని అడగడానికి."

"అంటే పని మీదే. డబ్బా బయట పెట్టి లోపలికి రా."

అందుకని, మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి సాక్షిగా చెబుతున్నాను. ఇక మీదట ఎవరినైనా అభిప్రాయం అడగాల్సి వస్తే, అమ్మ ఎంత తిట్టినా సరే, వట్టి చేతులతోనే వెళ్తాను. ఈ జ్ఞాపకానికి నూటికి ఎన్ని మార్కులు వేస్తారో మీ ఇష్టం. లడ్లు మాత్రం లేవు.