ఆరు శీలావతుల ఆపరేషన్

చేతికందిన ఉద్యోగాన్ని నేలపాలు చేసుకోవడానికి నానా దారులున్నాయి. నేను చేపల పొట్ట మీదుగా వెళ్ళే దారి ఎంచుకున్నాను. ఎలాగంటారా, చెబుతాను. నవ్వేవాళ్ళు చివరిదాకా ఆగి నవ్వండి.

ఎనభైల్లో నేను మాచర్లలో చేపల మీద ప్రయోగాలు చేసే చిన్న ఆఫీసులో టెంపరరీ అసిస్టెంటుని. కృష్ణలో వదిలిన చేప ఎటు పోతోందో తెలియాలంటే దాని కడుపు కోసి, ట్యాగ్ అనే బుల్లి గొట్టం లోపల పెట్టి కుట్టాలి. ముందు ఉత్తుత్తి ట్యాగులు పెట్టి, చేప ఈత తప్పుతుందా, గాయం మానుతుందా చూడమని పెద్ద ఆఫీసరు ఆరు గొట్టాలు పంపారు. "పదిహేను రోజుల్లో వస్తా. సరిగ్గా చేస్తే నిన్ను పర్మినెంట్ చేయిస్తా" అన్నారు. ఆ మాటతో నేను అప్పుడే సర్జన్నైపోయాను.

శుక్రవారం పొద్దున ఆరు శీలావతి చేపల్ని మత్తుమందు నీళ్ళలో పడుకోబెట్టాను. ట్యాగుల్ని స్టీలు గ్లాసులో స్పిరిట్ పోసి నానబెట్టాను. దుమ్ము పడకుండా మూత కూడా పెట్టాను, నా జాగ్రత్త అలాంటిది. కుట్లు నాకు రావు కాబట్టి పక్కవీధి దర్జీ మస్తాన్ భాయ్‌ని పిలిచాను.

కత్తి పట్టుకోగానే వాచ్‌మన్ కోటయ్య బాబాయ్ గడియారం వంక చూశాడు.

"ఏంది సారూ, ఇంకా మొదలెట్టలా? పదిన్నరకి రాహుకాలం. ఈలోపు కుట్లు పడకపోతే అయ్యి బతకవు."

"ఎంత టైముంది?"

"ఇరవై నిమిషాలు."

"నేనూ జుమ్మా నమాజుకి పోవాల. మీరు కోస్తా ఉండండి సార్, నే కుడతా ఉంటా" అన్నాడు మస్తాన్ భాయ్, సూదిలో దారం ఎక్కిస్తూ.

నేను కొయ్యడం, ఆయన కుట్టడం. పెళ్ళిలో చివరి బంతి వడ్డన కూడా అంత వేగంగా జరగదు. పదిన్నరకి రెండు నిమిషాల ముందే ఆరూ తొట్టిలో ఉన్నాయి. రాహువుని ఓడించానని పొంగిపోయాను.

అన్నట్టే పదిహేను రోజులకి ఆఫీసరు వచ్చారు. ఆ ఆరింటినీ, పక్క తొట్టిలో కొయ్యకుండా వదిలిన మరో ఆరింటినీ గంటసేపు చూశారు.

"ఆశ్చర్యంగా ఉందయ్యా. ట్యాగ్ ఉన్నవాటికీ లేనివాటికీ ఈతలో తేడానే లేదు. గాయాలు కూడా శుభ్రంగా మానాయి."

"ఏదో నా హస్తవాసి సార్" అన్నాను, వినయం నటించడానికి నానా అవస్థా పడుతూ.

"రేపే నీ కాగితాలు పైకి పంపిస్తా. ముందు టీ తెప్పించు."

కోటయ్య బాబాయ్ లోపలికి వెళ్ళి, ఒక స్టీలు గ్లాసు మూత తీసి పట్టుకొచ్చాడు.

"టీకి గ్లాసు తక్కువైంది సారూ. దీంట్లో గొట్టాలున్నాయి, యాడ పెట్టమంటారు?"

ఆఫీసరు లెక్కపెట్టారు. సరిగ్గా ఆరు.

"మరి ఆ చేపల కడుపులో ఏముందయ్యా?"

బాబాయే ఆదుకున్నాడు.

"ఏముంటది సారూ, పొద్దున నేనేసిన తవుడు."

ఆఫీసరు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, నా కాగితాలు మాత్రం ఏడాది పాటు పక్కన పెట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను.

అందుకే మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో, చేప సంగతి అలా ఉంచండి, కాకరకాయకైనా సరే, కారం కూరానో లేదో రెండుసార్లు చూసుకోనిదే దారం చుట్టను.