నాలుగో ముల్లు

వెనక మూత మీది గాట్లలో మూత విప్పే మూడు మొనల తాళం ఆనించి, వాచీని ఎడమ బొటనవేలితో చెక్కదిమ్మకి అదిమిపెట్టి, మణికట్టు తిప్పాడు వాచీలు బాగుచేసే ఆయన. మూత కదల్లేదు. ఇంకాస్త బలం పెట్టకుండా తాళం పైకి తీసి, మొనలు గుడ్డతో తుడిచి, మళ్ళీ ఆనించాడు. ఈసారి కిర్రుమని కదిలింది.

"విరగ్గొట్టరు కదా అన్నయ్యా? ఇంకా నాది కాదది," అంది అద్దాల కిటికీ అవతల నిలబడ్డ స్కూలు బస్సు డ్రైవరమ్మ.

"బలం పెడితే విరుగుతుంది. నేను పెట్టలేదుగా."

మూత తీసి గిన్నెలో పెట్టాడు. కంటికి అద్దం బిగించుకుని లోపలికి చూశాడు. చక్రాలు శుభ్రంగా ఉన్నాయి. చివరిసారి విప్పినవాడెవడో పని తెలిసినవాడే, మర తలలు ఒక్కటీ చెడలేదు. అది చూసి ఆయనకి ఆ ముక్కూమొహం తెలియని మనిషి మీద గౌరవం కలిగింది.

వాచీకి నాలుగు ముళ్ళు. మూడు మామూలువే. నాలుగోది కొసన చిన్న ఎర్ర బాణం ఉన్నది, రోజంతటికీ ఒక్కసారే చుట్టు తిరుగుతుంది. ఇరవై నాలుగు అంకెల వలయం మీద వేరే చోటి టైము చూపిస్తుంది. పక్కనున్న కీ ఒక మెట్టు బయటికి లాగి తిప్పితే గంట చొప్పున గెంతుతుంది.

"ఎవరిది?"

"మా పక్కింటాయనది. ఓడ ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాడు, ఇంక రెండు టైములతో నాకేం పని అంటున్నాడు. శనివారం సాయంత్రం దాకా గడువిచ్చాడు. నేను వద్దంటే మీ షాపులోనే పెట్టి అమ్మించమన్నాడు. కొనొచ్చా చెప్పండి. రెండు నెలల పొదుపు పోతుంది నాకు."

"అసలెందుకు మీకిది?"

ఆవిడ చెప్పింది. భర్త ఓ ఓడలో వంటవాడు. సముద్రం అడుగున తీగలు పరిచే ఓడ. అది ముందుకి సాగేకొద్దీ అందులో గడియారాలు మారుస్తూ ఉంటారు. వంటవాళ్ళకి ఫోను ఇచ్చేది రాత్రి భోజనాలయ్యాక ఒక్క గంట. టైము మార్చినప్పుడల్లా ఆయన కబురు పెడతాడు, మనం ఇప్పుడు మూడు గంటలు తేడా, ఇప్పుడు నాలుగు అని. డ్రైవర్ల ఫోన్లు డిపోలో పెట్టి తాళం వేస్తారు, బస్సు అప్పజెప్పాకే ఇస్తారు. కిందటి నెల ఆవిడ కలపాల్సిన చోట తీసేసింది, రెండుసార్లు. ఆయన గంటసేపూ చేసి చేసి, ఏమైందోనని ఆ రాత్రి కూరలో ఉప్పు రెండుసార్లు వేశాడట.

"కెప్టెను తిట్టాడంట. నా లెక్కకి ఆయన తిట్లు తిన్నాడు," అని నవ్వింది గాని, ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు.

"శనివారం రండి," అన్నాడు. "బల్ల మీద రెండ్రోజులు, ఒంటి మీద రెండ్రోజులు చూడాలి. అప్పుడు చెప్తాను."

* * *

ఆయన షాపు రెండు చేతులు చాచినంత వెడల్పు. యాభై దగ్గర పడుతున్న మనిషి. ఎవరి దగ్గరా శిష్యరికం చెయ్యలేదు. పదహారో ఏట అక్క అలారం గడియారం విప్పి, మళ్ళీ బిగించలేక, మూడు నెలలు దాచి, చివరికి బిగించి ఇచ్చాడు. అప్పటి నుంచీ ఇదే పని. తన చేతికి మాత్రం వాచీ ఉండదు. దాని అంచు జనం వాచీల అద్దాలకి గీతలు పెడుతుందని ఎప్పుడో తీసేశాడు.

ఉన్నది ఆ అక్క ఒక్కతే. అమ్మానాన్నలు పోయాక పెంచింది ఆవిడే. పన్నెండేళ్ళుగా దూరదేశంలో ఓ ఆసుపత్రిలో దుప్పట్లు, గౌన్లు ఉతికించి మడతపెట్టించే గది చూసుకుంటోంది. ప్రతి ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి ఈయన ఫోను చేస్తాడు. ఎప్పుడో ఆవిడే చెప్పింది, రాత్రి పదింటికి డ్యూటీ దిగుతాననీ, పదకొండింటికి ఇంట్లో ఉంటాననీ. అందుకని ఆయన అలారం పెట్టుకుని లేచి, మొహం కడుక్కుని, మంచం అంచున కూర్చుని చేస్తాడు.

"తిన్నావా?"

"తిన్నాను. నువ్వు?"

"ఆ. ఒంట్లో ఎలా ఉంది?"

"బానే ఉంది. సరే, ఉంటాను మరి."

అంతే. ఈ మధ్య నాలుగు నిమిషాలు దాటడం లేదు. ఆవిడ మాటల మధ్య ఆవులింతలు వినిపిస్తాయి. నాతో మాట్లాడటానికి అక్కకి ఇంకేం మిగల్లేదు కాబోలనుకుని, ఫోను పెట్టేశాక ఆయన మళ్ళీ పడుకోడు. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ. కుర్చీ మీద బట్టలుంటాయి, కూర్చోడానికి ఇంకెవరూ రారు గనక.

మంగళవారం డ్రైవరమ్మ వెళ్ళిపోయాక వాచీకి టైము పెట్టాడు. పరీక్షకి నాలుగో ముల్లు ఏ ఊరి టైములో ఉంటేనేం? అక్క ఉన్న చోటు ఆరు గంటలు వెనక అని గుర్తు. అలాగే పెట్టాడు. డయల్ పైకి ఒక పూట, కిందికి ఒక పూట, కీ కిందికి ఒక పూట ఉంచి చూశాడు. గురువారం పొద్దుటికి అర నిమిషం కూడా తేడా లేదు.

పక్క కొట్లో తాళంచెవులు చేసే ఆయన గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఏవయ్యా, ఎప్పుడూ లేనిది వాచీ వంక పెళ్ళికూతుర్ని చూసినట్టు చూస్తున్నావు?"

"పని చూస్తున్నా."

"ఫోన్లో రెండేం ఖర్మ, ఇరవై ఊళ్ళ టైము వస్తుందిగా. దానికి వాచీ ఎందుకంట?"

"ఫోను అడిగితే చెప్తుంది. ఇది అడక్కుండానే చెప్తుంది."

"నీ ఫోను అడిగినా చెప్పదులే. దానికి మీటలే సరిగ్గా పన్జెయ్యవు," అని నవ్వుకుంటూ వెళ్ళాడు.

గురువారం నుంచి దాన్ని చొక్కా జేబులో వేసుకు తిరిగాడు. ఉత్త పరీక్షే. కానీ పావుగంటకోసారి తీసి చూడటం మొదలైంది. బాణం ఆరు మీద ఉంటే, ఇప్పుడు లేచి ఉంటుంది అనుకున్నాడు. తొమ్మిది మీద ఉంటే, కిటికీ తలుపు తీసి ఉంటుంది అనుకున్నాడు. ఆ దేశంలో కిటికీలు ఎలా ఉంటాయో ఆయనకి తెలీదు. ఆ రోజు మధ్యాహ్నం ఒక్కడే కూర్చుని తింటూ వాచీని పళ్ళెం పక్కన పెట్టుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి తీసి చూస్తే బాణం పదకొండుకి వెంట్రుకంత ఇవతల ఉంది. పది మీద ఉండాలి కదా? మంగళవారం తనే అయిదు గంటలని లెక్కేసి పెట్టాడా? కాగితం మీద రాసుకోలేదు. పైగా ఆ దేశంలో ఏడాదికి రెండుసార్లు గడియారాలు గంట ముందుకీ వెనక్కీ జరుపుతారని అక్క ఎప్పుడో చెప్పింది. ఆర్నెల్లు అయిదు గంటల తేడా, ఆర్నెల్లు ఆరు. ఇది ఏ ఆర్నెల్లు?

పేటలో సగం ఇళ్ళ గడియారాలు సరిచేసిన మనిషికి, అక్క ఇంట్లో ఇప్పుడెంతయిందో తెలీలేదు. తప్పు ముల్లుదా తనదా తేలాలంటే అక్కడున్న మనిషిని అడగడం ఒక్కటే దారి. ఫోను తీశాడు. ఆదివారం కాని రోజున చెయ్యడం అదే మొదలు.

రెండో రింగుకే ఎత్తింది. "ఒరేయ్! ఏమైందిరా? ఒంట్లో బాలేదా?"

"ఏం కాలేదక్కా. అక్కడ టైమెంత?"

అటువైపు నుంచి నవ్వు. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో. "వాచీలు బాగుచేసేవాడివి, టైము నన్నడుగుతున్నావా! పదీ రెండు నిమిషాలు. మా గోడ గడియారం తప్పయితే నువ్వే వచ్చి బాగుచెయ్యి."

అయితే ముల్లే జారింది. అడగాల్సింది అయిపోయింది. పెట్టేయాలి. పెట్టలేదు.

"పనిలో ఉన్నావా?"

"టీ తాగుతున్నా. పావుగంట వదుల్తారు. పొద్దున ఆరు నించీ నిలబడే ఉన్నా."

"పొద్దున ఆరా? నీది సాయంత్రం డ్యూటీ కదా?"

"అది మారి ఏడాదిన్నరయింది."

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. "మరి పదకొండింటిదాకా ఎందుకు మేలుకుంటున్నావు?"

"నువ్వు చేస్తావని. కొన్నాళ్ళు పదకొండు, గడియారం జరిపాక పన్నెండు. నీకు షాపు తెరిచాక జనం ఉంటారు, తెల్లారగట్ల తప్ప తీరిక దొరకదు గామోసనుకున్నా."

ఆయన షాపు చుట్టూ చూశాడు. కిటికీ ముందు ఎవరూ లేరు. పొద్దుట్నుంచి ఇద్దరు వచ్చారు, అందులో ఒకరు దారి అడగడానికి.

"నేను నీ కోసం లేస్తున్నానే అక్కా అయిదింటికి."

"నా కోసమా? ఓరి నీ..." అని మళ్ళీ నవ్వింది. "నువ్వు ముక్తసరిగా మాట్లాడుతుంటే, వీడికి నేను బరువైపోయానేమో అనుకున్నా," అంది.

మిగిలిన పది నిమిషాల్లో ఆవిడ ఏడాదిన్నర సంగతులు చెప్పింది. మోకాలి నొప్పి, మడతల గదిలో కొత్తగా చేరిన పిల్ల అన్నిట్నీ తలకిందులుగా మడతపెట్టడం, మెట్ల మీద జారి పడబోయి దుప్పట్ల బండిలో కూలబడటం. ఎక్కడో గంట మోగింది. "రోజూ చెయ్యకు, మా పై ఆఫీసరావిడ ఊరుకోదు. శుక్రవారం ఆవిడ రాదు. శుక్రవారం ఇదే టైముకి," అని పెట్టేసింది.

* * *

వాచీని బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాడు. ఇప్పుడది మరీ కావాలనిపించింది. ఆరు గంటలు తీసేయడం చేతకాక కాదు. అక్క రోజు అలా తన జేబులో తిరుగుతూ ఉంటే, గదికి వెళ్ళినా ఒక్కడే ఉన్నట్టు అనిపించలేదు.

తాళాలాయనకి చెప్పాడు, ముల్లు జారిందనీ, తనకీ కొనాలని ఉందనీ.

"ఇంకేం? ముల్లు వదులుగా ఉందని చెప్పెయ్. ఆవిడ వద్దంటుంది, నువ్వు తీసుకో. అబద్ధమేం కాదుగా?"

"కాదు."

"మరి?"

"గంటలో బాగవుతుందని చెప్పకపోతే అది సగం నిజం."

"సగం చాలదా?"

ఆయన కంటద్దం బిగించుకున్నాడు. ఆ సాయంత్రం వెలుతురుండగానే డయల్ మీద పలచటి ప్లాస్టిక్ కాగితం పరిచి, సెకన్ల ముల్లు, నిమిషాలది, గంటలది ఒక్కొక్కటే పైకి లేపాడు. నాలుగోది అన్నిటికన్నా అడుగున ఉంది. ఇరుసుకి తొడిగే దాని గొట్టం పట్టు వదిలింది, ఊదితే తిరిగేలా ఉంది. నిశ్చలంగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, కుదిపితే జారుతుంది. గొట్టాన్ని కుదించే పనిముట్టులో పెట్టి, ఒక్క పిసరు నొక్కాడు. పెట్టి చూస్తే ఇంకా వదులే. మరో పిసరు. ఎక్కువ నొక్కితే చీలుతుంది, చీలితే ఆ ముల్లు ఇంకెక్కడా దొరకదు. అలా చీలిపోతే ఆవిడ అక్కర్లేదంటుంది కదా అని ఒక ఆలోచన వచ్చి పోయింది. చేతిని బల్ల మీద ఆనించి, మూడోసారి నొక్కాడు. పట్టింది.

శనివారం పొద్దున సిటీ బస్సెక్కి చక్రం పైనున్న చివరి సీట్లో కూర్చున్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు కండక్టరు.

"చివరిదాకా. మళ్ళీ ఇదే బస్సులో వెనక్కి."

"అక్కడేం పని?"

"అక్కడేం లేదు. దార్లోనే, కుదుపులు కావాలి."

కండక్టరు టికెట్టు చించి, ఆ తర్వాత దిగేదాకా ఆయన వైపే అనుమానంగా చూశాడు. గంటన్నర గోతుల్లో ఎగిరాక జేబులోంచి తీస్తే, బాణం ఎక్కడుండాలో అక్కడే ఉంది.

* * *

డ్రైవరమ్మ నాలుగున్నరకి వచ్చింది, యూనిఫాం మీదే.

ఆయన దాచకుండా చెప్పాడు. టైము మంచిగా నడుస్తోంది. నాలుగో ముల్లు వదులుగా ఉండేది, మీ బస్సు కుదుపులకి జారేది, తప్పు టైము చూపించేది. బిగించాను, బస్సులో వెనక సీట్లో కూర్చుని చూశాను, కదల్లేదు. నీళ్ళు తగలనివ్వకండి, లోపలి రబ్బరు పాతది.

"మీరైతే కొంటారా అన్నయ్యా?"

తలవంచుకుని గుడ్డతో అద్దం తుడిచాడు. "కొనేవాణ్ణే. రెండ్రోజుల నించీ దాని మీదే ఉంది మనసు."

ఆవిడ గతుక్కుమంది. "అయితే మీరే తీసుకోండి. నేనింకోటి చూసుకుంటా."

"మా అక్క ఒక్కచోటే ఉంటుందమ్మా. ఆరు తీసేస్తే సరిపోతుంది నాకు. నాది ఊరికే చూసుకుంటూ కూర్చునే సరదా. మీ ఆయన ఓడ కదులుతుంటుంది, మీ చేతులు స్టీరింగు మీదుంటాయి. ఇది మీకు పనికొచ్చే వస్తువు. కొనండి."

ఆవిడ సరేనని తలూపింది.

"ఓడ ఇప్పుడెంత?"

"నిన్న కబురొచ్చింది. నాలుగు గంటలు ముందు."

కీ ఒక మెట్టు లాగాడు. బాణం పదిన్నర మీద ఉంది, ఇంకా అక్క టైములో. ఒక్క క్షణం అలాగే ఉంచి, తిప్పాడు. గంట చొప్పున ముందుకి గెంతింది. పదో గెంతుకి ఇరవై దాటి నిలిచింది. ఆఖరి రెండూ ఆవిడ చేతే తిప్పించి ఉండాల్సిందని గుర్తొచ్చింది. మళ్ళీ రెండు వెనక్కి తిప్పి కిటికీలోంచి అందించాడు.

"మీరే తిప్పండి. వచ్చేసారి కబురొచ్చినప్పుడు మీరే చెయ్యాలి కదా. ముందుకి రెండు."

ఆవిడ నాలుక పంటి కింద పెట్టుకుని తిప్పింది. ఒకటి. రెండు. "ఎనిమిదిన్నర. భోజనాలైపోయుంటాయి. డిపోకెళ్ళి ఫోను తీసుకుంటే ఇంకా దొరుకుతాడు!"

"కీ లోపలికి నొక్కండి. టిక్కుమనాలి."

టిక్కుమంది. ఆయన చెయ్యి చాచి, పట్టా బిగింపు ఆవిడ మణికట్టుకి సరిపోయే చిల్లు దాకా జరిపి, కొస లోపలికి దోపి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.