ఖాళీ ఓట్లు లెక్కపెట్టిన టీచరమ్మ

సరూర్‌నగర్‌లో మా ఇంటి పైగదిలో పశ్చిమాఫ్రికా నుంచి వచ్చిన ఒక అమ్మాయి కిరాయికి ఉండేది. దిల్‌సుఖ్‌నగర్ దగ్గరి కాలేజీలో ఫార్మసీ చదివేది. వాళ్లమ్మ కూడా నాలాగే సర్కారు బడి టీచరని తెలిసినప్పటి నుంచి మా ఇద్దరికీ మాటలు కలిశాయి.

ఒకరోజు వచ్చి, ఆదివారం తమ దేశంలో పార్లమెంటు ఎన్నికలనీ, అమ్మకు పోలింగ్ డ్యూటీ పడిందనీ చెప్పింది. పోటీలో ఉన్నది పాలక పార్టీ ఒక్కటేనట. మిగతావాటికి అనుమతి లేదు.

చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్తమ్మ చెయ్యి ఆపింది. "ఒక్కటే పార్టీ ఉంటే ఇగ ఓట్లెందుకు బిడ్డా?"

అత్తమ్మ మాటను నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆ అమ్మాయి నవ్వలేదు.

"వెళ్లకపోతే పేరు రాసుకుంటారు ఆంటీ. అందుకే వెళ్తారు. ఇష్టం లేనివాళ్లు గుర్తు పెట్టకుండా ఖాళీ కాగితం మడిచి డబ్బాలో వేస్తారు."

సోమవారం సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. వాళ్లమ్మ బూత్‌లో దాదాపు సగం కాగితాలు ఖాళీవే. లెక్కల కాగితంలో ఖాళీ ఓట్ల గడిలో సున్నా వేయమన్నాడట పై అధికారి. ఆమె అందరి ముందూ మళ్లీ లెక్కపెట్టి, ఉన్న అంకె ఉన్నట్టే రాసి సంతకం చేసింది.

వీడియో కాల్‌లో ఆమెను చూశాను. తలకు పసుపు గుడ్డ చుట్టుకుని, తీరిగ్గా బియ్యం ఏరుతోంది. భయం వేయలేదా అని అడిగాను. కూతురు ఆమె జవాబును ఇంగ్లీషులో చెప్పింది: "ఇరవై ఏళ్లుగా పిల్లలకు లెక్కలు చెప్తున్నాను. నేనే తప్పు రాస్తే ఎలా?"

"గామెకు దండం పెట్టాలె" అంది అత్తమ్మ.

అక్కడి రేడియోలో మాత్రం జనమంతా పాలక పార్టీకే వేశారని చెప్పారు. నెల తిరగకముందే ఆమెను సరిహద్దు ఊరికి బదిలీ చేశారు. ఆమె వెళ్లి అక్కడా లెక్కలే చెప్పింది.

మరుసటి ఏడాది మన ఎన్నికల్లో ఎల్‌బీ నగర్‌లో ఒక బూత్‌కు నేను అధికారిని. ఓటింగ్ యంత్రం సరిగ్గా ఉందో లేదో చూడడానికి ముందుగా ఉత్తుత్తి ఓట్లు వేయించాలి. ఒక పార్టీ ఏజెంటు తొందరపెట్టాడు.

"అయినట్టు రాసెయ్యిండ్రి మేడం. మాకెవ్వరికీ పరేషాన్ లేదు."

"కూసోండి సార్. చేసినంకనే సంతకం పెడ్త."

కూర్చున్నాడు. ఓట్లు వేయించి, పడ్డ చీటీలు లెక్కపెట్టాం, యంత్రం చూపిన లెక్కతో సరిపోయాయి. సరిగ్గా ఏడింటికి తలుపు తీయించాను. లైను అప్పటికే గేటు దాటింది.