బోరింగు అడగడానికి పోయిన రోజు

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. నేను భూపాలపల్లిలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేసేదాన్ని. బతుకుదెరువు కోసం వలస వచ్చిన కూలీల గుడిసెలకు నీళ్ళు, బడి, అంగన్‌వాడీ అందేలా మండలాఫీసుకు సాయపడడం నా పని. సాయమంటే ఏముంది, గుడిసె గుడిసెకూ తిరిగి మనుషుల పేర్లు రాసుకోవడం, ఆ కాగితం పట్టుకుని ఫైలు కదిలేదాకా ఆఫీసులో కూర్చోవడం. రెండోదానికి నాలాంటి మొండిఘటమే కావాలి.

చెల్పూరు కరెంటు ప్లాంటుకు దగ్గర్లో ఒక ఊరి చివర, వాగు గట్టున, దంతాలపల్లి వైపు తండాల నుంచి వచ్చిన లంబాడీల గుడిసెలుండేవి. ఇసుక, కంకర మోసే పని వాళ్ళది. తాగేది వాగు నీళ్ళే. ఆ వానాకాలం అక్కడ ఒక ఏడాది పిల్లవాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. దవాఖానలో బాగై వచ్చాడు, మళ్ళీ అవే నీళ్ళు తాగి మళ్ళీ దవాఖానలో పడ్డాడు. "నీళ్ళు మారకపోతే ఇంకోసారి నేనేం చెయ్యలేను" అని డాక్టరు ఆ తల్లికి మొహం మీదే చెప్పాడు. ఆమెకు ఇరవై ఏళ్ళుంటాయేమో. వాడొక్కడే కొడుకు.

మండల అధికారి కాళ్ళరిగేలా తిరిగి గుడిసెలకు ఒక బోరింగు మంజూరు చేయించాడు. అది వేయాల్సింది ఊరి స్థలంలో కాబట్టి గ్రామసభ తీర్మానం కావాలి. "నెలాఖరు లోపట రాకపోతే గా బోరింగు ఇంకో ఊరికి పోతదమ్మా, నా చేతుల లేదు" అన్నాడు.

సర్పంచుల గడువు తీరి, ఎన్నికలు జరగక, పంచాయతీలు ప్రత్యేకాధికారుల కింద ఉన్న కాలం. ఆ ఊళ్ళో మాత్రం మాజీ సర్పంచి మాటే చెల్లేది. పెద్ద రైతు, మర్యాదస్తుడు. నేను మూడుసార్లు పోతే మూడుసార్లూ చాయ్ ఇచ్చాడు. మూడుసార్లూ ఒకటే మాట.

"గాళ్ళు లోకల్ గాదు బిడ్డా. డిగ్రీ చదివిన మా పిల్లగాండ్లకే ప్లాంట్ల నౌకర్లు దొరకలే. ఇయ్యాల్ల బోరింగంటరు, రేపు జాగలంటరు."

నాకు ఒళ్ళు మండింది. మాది కొడకండ్ల దగ్గర. నన్నేమో మన బిడ్డ అని మంచమేసి కూర్చోబెట్టారు, మాకు పక్కనే ఉన్న దంతాలపల్లి వాళ్ళు మాత్రం పరాయివాళ్ళట! ఇప్పుడంటే జనగామ జిల్లా, మహబూబాబాద్ జిల్లా, భూపాలపల్లి జిల్లా అంటున్నాం గాని, అప్పుడు అంతా ఒకే వరంగల్ జిల్లా. గట్టిగా అడగబోయి ఆగిపోయాను. ముందు వారమే దీక్షా శిబిరంలో 'ఉద్యోగాలు స్థానికులకే' అని గొంతు చించుకున్నది నేనే. ఆ మాట ఇక్కడ ఇలా ఎదురొస్తుందని నేననుకోలేదు.

ఆయన మీద ఎక్కువసేపు కోపం నిలిచేది కూడా కాదు. ఆయనకు ఒక్కగానొక్క కొడుకు. డిగ్రీ చదివి ఉద్యోగం లేక తిరుగుతూ, ఆ ఎండాకాలంలో ఉద్యమ సభకు బండి మీద పోతుంటే లారీ గుద్ది చనిపోయాడు. కొడుకు శవం ఇంటికి వచ్చిన రోజు నుంచీ ఆయన భార్య కన్నీటి చుక్క రాల్చలేదు. పొద్దంతా గడపలో కూర్చుని బజారు వైపు చూసేది. ఆ చూపుకు భయపడి చుట్టాలు కూడా రావడం తగ్గించారు.

ఆఖరికి నెలాఖరు రోజున గ్రామసభ పెట్టారు. పంచాయతీ ఆఫీసు ముందు దీక్ష టెంటు ఉండడంతో మాజీ సర్పంచి ఇంటి ముందే జనం చేరారు. గుడిసెల ఆడవాళ్ళకు నేను ముందే పాఠం చెప్పాను. కొంగు చాచొద్దు, కాళ్ళు మొక్కొద్దు, అందరి ముందు నిలబడి పిల్లవాడి సంగతి చెప్పండి, చాలు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఏడెనిమిది మంది వచ్చారు. ముందు ఒక ముసలామె, ఆ పిల్లవాడి నానమ్మ. వెనక ఆమె కోడలు, అంటే పిల్లవాడి తల్లి. వాడు దవాఖానలో తండ్రి దగ్గరున్నాడు. ముసలామె గోడ మీద దండ వేసిన ఫొటోను చూసింది, గడపలో కూర్చున్న ఆ ఇంటి తల్లిని చూసింది.

"గీమె కొడుకేనా పోయింది?"

"అవునవ్వా. ముందు నీళ్ళ ముచ్చట చెప్పు."

ఆమె నా మాట వినిపించుకోలేదు. నేరుగా గడప దగ్గరకు పోయి చతికిలబడి, ఆ తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, తన ముసుగు ఇద్దరి తలల మీదికి లాగి గొంతెత్తింది. మిగతా ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఒకరినొకరు పట్టుకుని అందుకున్నారు. అది ఏడుపూ, పాటా రెండూ. వాళ్ళ భాషలో ఒక్క ముక్క నాకు అర్థం కాలేదు. 'యాడీ' అంటే అమ్మ అని మాత్రం తెలుసు. ఆ పిలుపే మళ్ళీ మళ్ళీ వస్తోంది.

నాకు తల కొట్టేసినట్టయింది. పోయి ముసలామె భుజం పట్టి ఊపాను. "ఏందవ్వా గీ నాటకం? వద్దని చెప్పిన గదా!"

కోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆపకక్కా. సావైన ఇంటి గడపకు మొదటిసారి వస్తే ఏడ్సినంకనే మాట. ఏడ్వకుంట మాట్లాడితే మాకు తప్పు."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నాళ్ళూ ఆ గడప ముందు ఫైలు పట్టుకుని కూర్చుని చాయ్ తాగిందాన్ని నేను. ఆ తల్లిని ఒక్కసారన్నా పలకరించలేదు.

కాసేపటికి ఆ ముసుగు కింద నుంచి ఇంకో గొంతు లేచింది. పాట తెలియని గొంతు, మాటలు లేని గొంతు. ఆ తల్లి ఏడుస్తోంది. నెలల తరబడి ఒక ఊరు ఊరంతా, చుట్టాలు, డాక్టర్లు చేయలేనిదాన్ని భాష కూడా కలవని ఒక కూలి మనిషి చేసింది. జనమంతా లేచి నిలబడ్డారు. మాజీ సర్పంచి కండువా నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగాడు. అంత గొప్పదాన్ని నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

ముసలామె మెల్లగా ముసుగు తీసి, ఆ తల్లి మొహం తుడిచి, లేచింది. మిగతా గుడిసెల ఆడవాళ్ళూ లేచారు. బయటికి నడిచారు.

నేను వెంటపడ్డాను. "అవ్వా, బోరింగు?"

"ఏడ్సిన ఇంట్ల ఏమడుగుతం బిడ్డా, ఏడ్పుకు కూలడిగినట్టయితది. ఇయ్యాల్ల అడుగొద్దు."

"ఇయ్యాల్లనే ఆఖరు దినం! నీ మనుమడు దవాఖానల ఉన్నడు!"

"ఎరికే" అంది. కోడలి మొహం పాలిపోయింది. అయినా అత్త వెనకే నడిచింది, వెనక్కి తిరగలేదు.

నేను ఫైలు పట్టుకుని వెనక్కి వచ్చాను. గడపలో నుంచి ఆ తల్లి పిలిచింది. ఆమె మాట వినడం నాకదే మొదలు. "గాళ్ళు ఎందుకొచ్చిన్రు బిడ్డా?"

పిల్లవాడి సంగతంతా చెప్పాను. ఆమె భర్త వైపు చూసింది. ఆయన కండువాతో మొహం తుడుచుకుని పంచాయతీ కార్యదర్శిని పిలిచాడు. "పుస్తకం తియ్యి. రాయి." తీర్మానం అయింది. మొదటి సంతకం ఆయనే పెట్టాడు, మిగతావాళ్ళు వరసగా పెట్టారు.

"ఉరికిపోయి గా ముసలామెను తోలుకరా" అన్నాడు నాతో. వాగు దారిలో ముసలామెను అందుకుని తీసుకొచ్చాను. ఏం తప్పు జరిగిందో అన్నట్టు బెదురుగా నిలబడింది. ఆయనే పుస్తకం ఆమె ముందు పెట్టి, వేలికి సిరా అద్ది వేలిముద్ర వేయించాడు.

కార్యదర్శి నసిగాడు. "ముద్రకు ఎదురుంగ ఊరు పేరు రాయాలె గదా పటేలా. ఏ ఊరని రాయాలె?"

"గీ ఊరే" అన్నాడాయన.